ఏకామ్ర నివాస్ పెద్దాయన

మైలాపూరు లజ్ చర్చి రోడ్డులోని ఏకామ్ర నివాస్‌ది మూడు తరాల కథ. తాత దేశానికి రాజ్యాంగ ముసాయిదా రాసిన సంఘంలో సభ్యుడు. కొడుకు ఆ ఇంట్లోనే ఫిజిక్సు పాఠాలు మొదలుపెట్టి, దాన్ని జాతీయ స్థాయి సంస్థ దాకా తీసుకెళ్లారు. మనవడు గణితంలో ప్రపంచానికి తెలిసిన పేరు. ఇంతటి కథ మొదలైంది మాత్రం అప్పటి నెల్లూరు జిల్లాలోని పుదూరు అనే పల్లెలో, పౌరోహిత్యం చేసుకునే ఓ మామూలు ఇంట్లో.

ఆ ఇంట్లో పుట్టినవారే సర్ అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. పేరు చివర అయ్యర్ అని ఉండటంతో చాలామంది ఆయన్ను తమిళుడనే అనుకుంటారు. అల్లాడి వారు తెలుగువారే. మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఈ అయ్యర్ అన్న మాట పేరుకు తోడవడం ఆ రోజుల్లో వింతేమీ కాదు.

పురోహితుడి కొడుకు

అల్లాడి 1883 మే 14న పుట్టారు. తండ్రి ఏకామ్ర శాస్త్రి. పౌరోహిత్యం మీద వచ్చే రాబడితో ఇల్లు గడవడమే గగనమైన కాలం. అయినా కొడుకు తన వెనకే పంచాంగం పట్టుకుని తిరగాలని ఆయన కోరుకోలేదు. ఇంగ్లిషు చదువు చెప్పించారు. 1899లో కుర్రాడు మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. ఆ తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ, అటు పిమ్మట లా చదువు.

ఆ రోజుల్లో నెల్లూరు నుంచి ఏ పెద్ద చదువుకైనా, ఏ పెద్ద కోర్టుకైనా మద్రాసే దిక్కు. రాజధాని అదే, హైకోర్టు అక్కడే, యూనివర్సిటీ అక్కడే. జిల్లా నుంచి రైలెక్కిన కుర్రాళ్లు ఎందరో. పట్నంలో తెలిసినవాళ్లు లేకుండా, చేతిలో డబ్బు లేకుండా పైకి రావడం మాత్రం కొందరికే చెల్లింది.

మైలాపూరు వకీళ్ల మధ్య

అప్పటి మైలాపూరు అంటే కపాలీశ్వరుడి గుడి, కోనేరు, మాడ వీధులు, ఆపైన వకీళ్లు. హైకోర్టులో పేరున్న లాయర్లలో చాలామంది కాపురం ఇక్కడే. కాంగ్రెస్ రాజకీయాల్లో, యూనివర్సిటీ వ్యవహారాల్లో వాళ్ల మాటే చెల్లుతుందని గిట్టనివాళ్లు మైలాపూరు ముఠా అని కూడా అనేవారు. గట్టివాళ్లకు గట్టివాళ్లు ఉన్న అలాంటి చోట, పల్లెటూరి నుంచి వచ్చిన కుర్రాడు నిలదొక్కుకోవాలి.

అల్లాడి ఆ రోజుల్లో పేరుమోసిన న్యాయవాది పి.ఆర్. సుందరయ్యర్ దగ్గర జూనియర్‌గా చేరి పని నేర్చుకున్నారు. 1907లో వకీలుగా నమోదయ్యారు. మామ ఆస్తి, తండ్రి పలుకుబడి వంటివేవీ వెనక లేవు. ఉన్నదల్లా చదివింది మర్చిపోని బుర్ర, తెల్లవార్లూ కాగితాల ముందు కూర్చోగల ఓపిక. కేసు చిన్నదైనా దాని వెనక ఉన్న సూత్రం ఏమిటో పట్టుకుని జడ్జీల ముందు పెట్టేవారని పేరు. జమీందారీ తగాదాలు, ఆస్తి పంపకాలు, హిందూ ధర్మశాస్త్రం చిక్కుముళ్లు.. ఏవైనా కక్షిదారులు ఆయన గుమ్మం తొక్కేవారు.

1929లో మద్రాసు ప్రభుత్వం ఆయన్ను అడ్వకేట్ జనరల్‌గా నియమించింది. 1944 దాకా, అంటే పదిహేనేళ్ల పాటు ఆ పదవిలో ఉన్నారు. ఈ మధ్యలో ప్రభుత్వాలు మారాయి. జస్టిస్ పార్టీ పోయింది, 1937లో రాజాజీ కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చింది, అది 1939లో దిగిపోయి గవర్నర్ పాలన వచ్చింది. అడ్వకేట్ జనరల్ మాత్రం ఆయనే.

వ్యాపారం చేసేవాళ్లకు నేటికీ పనికొచ్చే రెండు చట్టాల వెనక కూడా అల్లాడి చెయ్యి ఉంది. 1930 నాటి వస్తువుల అమ్మకం చట్టం, 1932 నాటి భాగస్వామ్య చట్టం ముసాయిదాలను పరిశీలించిన నిపుణుల సంఘంలో ఆయన సభ్యులు. ఏ ఊళ్లో ఇద్దరు కలిసి కొట్టు పెట్టుకుని పార్ట్‌నర్‌షిప్ కాగితం రాసుకున్నా, ఆ లెక్క ఆ 1932 చట్టం కిందికే వస్తుంది.

ఇంటికి నాన్న పేరు

సంపాదన పెరిగాక అల్లాడి లజ్ చర్చి రోడ్డులో పెద్ద ఇంటివారయ్యారు. ఆ ఇంటికి తన బిరుదో, మరో గొప్ప పేరో పెట్టుకోలేదు. పుదూరులో పౌరోహిత్యం చేసుకుని తనను చదివించిన తండ్రి పేరు పెట్టారు. అదే ఏకామ్ర నివాస్.

ప్రభుత్వం నుంచి 1926లో కైజర్-ఇ-హింద్ పతకం, 1930లో దివాన్ బహదూర్ బిరుదు వచ్చాయి. 1932లో నైట్‌హుడ్ ఇచ్చారు. దాంతో ఇంటాయన సర్ అయ్యారు, ఆ మర్యాద ప్రకారం ఇంటావిడ లేడీ అయ్యారు. బిరుదులు మారినా ఇంటి తీరు పెద్దగా మారలేదు. కక్షిదారులు, జూనియర్లు, గుమాస్తాలు, ఊరి నుంచి వచ్చే బంధువులతో నిండిన ఇల్లు అది. అలాంటి ఇంటిని నడపడమంటే మాటలు కాదు. పెద్ద లాయరు రాత్రింబవళ్లు కాగితాల్లో మునిగిపోగలిగాడంటే, ఆ వెనక ఇంటి భారమంతా మోసిన ఇల్లాలు ఉంటుంది. చరిత్ర పుస్తకాల్లో ఆ పేర్లకు దక్కే చోటు తక్కువ.

ఢిల్లీ పిలుపు

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికలు జరిగాయి. అల్లాడి కాంగ్రెస్ మనిషి కాదు. జైలుకెళ్లలేదు. పైగా బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన సర్ బిరుదు ఉన్నవారు. అయినా రాజ్యాంగం రాయాలంటే చట్టం తెలిసినవాళ్లు కావాలని, పార్టీలో లేనివాళ్లను కూడా కొందరిని కాంగ్రెస్ తన మద్దతుతో పంపింది. అలా మద్రాసు నుంచి అల్లాడి వెళ్లారు.

1947 ఆగస్టు 29న డాక్టర్ అంబేద్కర్ అధ్యక్షుడిగా ఏడుగురితో ముసాయిదా సంఘం ఏర్పడింది. అందులో అల్లాడి ఒకరు. అప్పటికి ఆయనకు 64 ఏళ్లు. తన కంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఈ సంఘంలో ఉన్నారని అంబేద్కర్ తర్వాత చెబుతూ అల్లాడి పేరే ప్రస్తావించారు. ఇద్దరి పుట్టుకలు వేరు, బతుకు దారులు వేరు. సమాజంలో ఒకరు అనుభవించినది మరొకరికి ఎన్నడూ ఎదురుకాలేదు. అయినా ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే పుస్తకం రాశారు.

1949 నవంబరులో, రాజ్యాంగం ఆమోదానికి మూడు రోజుల ముందు, అల్లాడి సభలో మాట్లాడారు. చదువురాని జనం ఎంత ఎక్కువగా ఉన్నా ప్రతి వయోజనుడికీ ఓటు ఇవ్వడాన్ని ఆయన సమర్థించారు. మామూలు మనిషి మీద నమ్మకంతోనే సభ ఆ పని చేసిందని వివరించారు. జీవితమంతా కోర్టుల్లో గడిపిన మనిషే అయినా, న్యాయమూర్తుల స్వాతంత్ర్యం పేరుతో కోర్టులు చట్టసభలకు పై సభగా మారకూడదని హెచ్చరించారు. ఆ చర్చ నేటికీ తెగలేదు. 1949 నవంబరు 26న రాజ్యాంగం ఆమోదం పొందింది.

కొడుకు దారి వేరు

ఇంత పేరున్న వకీలు ఇంట్లో కొడుకులు కూడా నల్లకోటు వేసుకోవాలని లోకం అనుకోవడం సహజం. ఒక కుమారుడు కుప్పుస్వామి అలాగే ఆ వృత్తిలోకి వచ్చారు. 1980ల తొలినాళ్లలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి కూడా అయ్యారు. తండ్రి జీవితాన్ని పుస్తకంగా తెచ్చే పనిని నెత్తిన వేసుకున్నది కూడా ఆయనే.

మరో కుమారుడు రామకృష్ణన్ దారి వేరు. 1923లో పుట్టిన ఆయన ఫిజిక్సు చదివారు, ఇంటి ఆనవాయితీ కొద్దీ లా కూడా చదివారు. అయితే హోమీ భాభా ఉపన్యాసాలు విన్నాక మనసంతా సైన్సు మీదే పడింది. తయారుగా ఉన్న ఆఫీసు, తండ్రి పేరు, క్యూ కట్టే కక్షిదారులు.. ఇవన్నీ వదులుకుని వెళ్లడమంటే అప్పటి మైలాపూరులో చిన్న విషయం కాదు. తండ్రి కాదనలేదు. రామకృష్ణన్ 1947లో భాభా దగ్గర చేరారు. తర్వాత ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో డాక్టరేట్ చేసి, 1950ల మొదట్లో మద్రాసు యూనివర్సిటీలో చేరారు.

పుదూరులో ఏకామ్ర శాస్త్రి కొడుకును తన వృత్తిలోనే ఉండమని పట్టుబట్టలేదు. మైలాపూరులో ఆ కొడుకు కూడా తన కొడుకును పట్టుబట్టలేదు. ఆస్తి కంటే ఈ ఒక్క గుణమే ఆ ఇంటికి ఎక్కువ పనికొచ్చింది.

రెండు రోజుల రాష్ట్రం

అల్లాడి చివరి రోజుల్లో మద్రాసు అట్టుడికిపోయింది. ఆంధ్ర రాష్ట్రం కోసం నెల్లూరు జిల్లా కుటుంబానికి చెందిన పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న నిరాహార దీక్షకు కూర్చున్నది మైలాపూరులోనే, బులుసు సాంబమూర్తి ఇంట్లో. డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచింది కూడా అక్కడే. మద్రాసు ఎవరిదన్న ప్రశ్న ఊరి నిండా రగిలింది. చివరకు కర్నూలు రాజధానిగా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు అటే ఉండిపోయింది.

సరిగ్గా రెండు రోజులకు, అక్టోబరు 3న, అల్లాడి కన్నుమూశారు. వయసు 70 ఏళ్లు. పుట్టిన పుదూరు ఒక రాష్ట్రంలోకి, కట్టుకున్న ఇల్లు మరో రాష్ట్రంలోకి పోయిన సమయం అది. సరిహద్దుకు అటూ ఇటూ బంధుత్వాలున్న ఎన్నో తెలుగు కుటుంబాలకు ఆ వారం అలాగే గడిచింది.

పెద్దాయన పోయాక

ఇంటి పెద్ద పోతే పెద్ద ఇళ్లు బోసిపోతాయి. ఏకామ్ర నివాస్‌లో మాత్రం మళ్లీ సందడి మొదలైంది. 1959 నుంచి రామకృష్ణన్ తన విద్యార్థులను ఇంటికే పిలిచి కొత్త ఫిజిక్సు మీద చర్చలు పెట్టేవారు. ఒకప్పుడు కక్షిదారులు వచ్చిన గుమ్మంలోకి ఇప్పుడు కుర్ర సైంటిస్టులు వచ్చేవారు. విదేశాల నుంచి వచ్చే పెద్ద శాస్త్రవేత్తలకు అక్కడే ఉపన్యాసం, అక్కడే భోజనం.

1960 జనవరిలో నోబెల్ బహుమతి గ్రహీత నీల్స్ బోర్ మద్రాసు వచ్చి ఈ కుర్రాళ్లను చూశారు. ఢిల్లీలో ఆయన వాళ్లను మెచ్చుకోవడంతో విషయం నెహ్రూ దాకా వెళ్లింది. అప్పటి మద్రాసు విద్యామంత్రి సి. సుబ్రమణ్యం పూనుకున్నారు. 1962 జనవరి 3న మ్యాట్‌సైన్స్ సంస్థ ప్రారంభమైంది. ఖగోళ శాస్త్రవేత్త చంద్రశేఖర్ ఆ వేడుకలో ఉన్నారు. ఇంట్లో మొదలైన ఆ పాఠమే నేడు చెన్నై తరమణిలోని గణితశాస్త్రాల సంస్థ. దానికి రామకృష్ణన్ 1983 దాకా డైరెక్టరుగా పనిచేశారు. అక్కడ ఒక హాలుకు ఆయన పేరు పెట్టారు. ఆయన 2008లో అమెరికాలో మరణించారు.

తాత పేరు పెట్టుకున్న మనవడు

పెద్దాయన పోయిన రెండేళ్లకు, 1955లో రామకృష్ణన్‌కు కొడుకు పుట్టాడు. తాత పేరే పెట్టారు, కృష్ణస్వామి. తాత ఆ మనవణ్ణి ఎత్తుకోలేదు. మనవడు తాతను ఫోటోల్లో, ఇంట్లో వాళ్లు చెప్పుకునే కథల్లోనే చూశాడు.

ఆ కుర్రాడికి లెక్కల పిచ్చి. మైలాపూరు వివేకానంద కాలేజీలో డిగ్రీ చదువుతున్న రోజుల్లోనే సంఖ్యాశాస్త్రంలో సొంతంగా పరిశోధన మొదలుపెట్టాడు. అది తెలిసి ప్రసిద్ధ గణితవేత్త పాల్ ఎర్డోష్ 1975లో తన ప్రయాణం దారి మార్చుకుని మరీ మద్రాసు వచ్చి అతణ్ణి కలిశారు. తర్వాత అతను అమెరికా వెళ్లి డాక్టరేట్ చేసి, ఫ్లోరిడా యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. 1997లో రామానుజన్ పేరుతో గణిత పత్రిక మొదలుపెట్టారు. తమిళనాడులోని శాస్త్ర విశ్వవిద్యాలయం 2005 నుంచి యువ గణితవేత్తలకు ఇస్తున్న రామానుజన్ బహుమతి వెనక కూడా ఆయన ఉన్నారు.

పురోహితుడి కొడుకు వకీలయ్యారు. వకీలు కొడుకు శాస్త్రవేత్త అయ్యారు. శాస్త్రవేత్త కొడుకు గణితవేత్త అయ్యారు. ఈ వరుసలో ముగ్గురూ తండ్రి పీట మీదే కూర్చోలేదు. అయినా ఎవరూ తండ్రి పేరు మర్చిపోలేదు. ఏటా నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం నాడు అంబేద్కర్‌ను తలుచుకునే వేళ, ఆయన పక్కన కూర్చుని పనిచేసిన పుదూరు మనిషిని కూడా మన పిల్లలకు ఒక్కసారి చెబితే బాగుంటుంది.