డీజిల్ అనేది ఒక మనిషి పేరు



మేము పదో తరగతి పాసైన ఏడాది మా గదిలోని ఇద్దరు మిత్రులు ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ ట్రేడులో చేరారు. మిగిలిన మేము ఇంటర్‌లో చేరాం. ఆదివారం వాళ్ళు మమ్మల్ని చూడటానికి వస్తే గోళ్ళలో నల్లని గ్రీజు కనిపించేది. వాళ్ళది చిన్న చదువు, మాది పెద్ద చదువు అని లోలోపల అనుకునేవాళ్ళం. పి.జి.కి వచ్చాక రుడాల్ఫ్ డీజిల్ జీవితం చదివి సిగ్గుపడ్డాం. అప్పటిదాకా డీజిల్ అంటే బంకులో పోసే నూనె అనే మాకు తెలుసు.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో జన్మించారు. తల్లిదండ్రులు జర్మనీ ప్రాంతం నుండి వలస వచ్చినవారు. తండ్రి థియోడర్ పుస్తకాలు బైండింగ్ చేసేవారు, తోలు సామాన్లు తయారు చేసేవారు. 1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం రావడంతో ఆ కుటుంబం లండన్‌కు వెళ్ళిపోవలసి వచ్చింది. అక్కడి నుండి పన్నెండేళ్ళ రుడాల్ఫ్‌ను జర్మనీలో ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి పంపేశారు. ఆ ఇంటి పెద్ద అక్కడి వృత్తి విద్యా పాఠశాలలో లెక్కల మాష్టారు. రుడాల్ఫ్ ఆ బడిలోనే చేరారు. అమ్మానాన్నలను వదిలి వచ్చిన పిల్లవాడి మొదటి రాత్రి ఎలా ఉంటుందో మన హాస్టల్ వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

1873లో ఆ బడిలో ఆయనే ఫస్టు. 1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్ స్కాలర్‌షిప్ వచ్చింది. ఇంట్లోవాళ్ళేమో పనిలో చేరి నాలుగు డబ్బులు తెమ్మన్నారు. ఆయన చదువు వైపే మొగ్గారు. ఈ తగువు మనలో చాలామంది ఇళ్ళలో జరిగిందే.

మ్యూనిక్‌లో కార్ల్ లిండే అనే ప్రొఫెసరు పాఠం ఆయన జీవితాన్ని మార్చింది. ఆవిరి యంత్రం బొగ్గులోని శక్తిలో పదో వంతు కూడా పనిగా మార్చలేకపోతోందని ఆ పాఠంలో విన్నారు. మిగిలినదంతా వృథాయేనా అన్న ఆలోచన ఆయనను వదలలేదు. 1879లో టైఫాయిడ్ వచ్చి పరీక్ష తప్పిపోయింది. ఆ ఖాళీ సమయాన్ని ఆయన స్విట్జర్లాండులోని సుల్జర్ వర్క్‌షాపులో పని నేర్చుకోవడానికి వాడుకున్నారు. 1880 జనవరిలో అత్యున్నత శ్రేణిలో పాసయ్యారు.

సైకిల్ పంపుతో గట్టిగా గాలి కొడితే పంపు కింది భాగం వేడెక్కడం మనం చూశాం. డీజిల్ గారి ఇంజనుకు మూలం అదే. సిలిండరులో ఒట్టి గాలిని బాగా అదిమితే అది విపరీతంగా వేడెక్కుతుంది. అందులోకి ఇంధనం చిమ్మితే దానంతట అదే మండుతుంది. స్పార్క్ ప్లగ్ అక్కరలేదు.

చెప్పడం తేలికే. అంతకుముందు అమోనియా ఆవిరి యంత్రంపై ప్రయోగాల్లో పేలుడు జరిగి ఆయన నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నారు. 1892లో కొత్త ఇంజనుకు పేటెంటు కోరారు. 1893 ఆగస్టు 10న ఆగ్స్‌బర్గ్‌లో మొదటి పరీక్ష జరిగితే పీడనం కొలిచే పరికరం పేలిపోయింది. 1894 ఫిబ్రవరి 17న ఇంజను ఒక నిమిషం తనంతట తాను నడిచింది. ఆ సంగతి ముందుగా కనిపెట్టింది దగ్గరున్న మెకానికేనని, అతను మాట్లాడకుండా టోపీ తీసి గౌరవం చూపాడని చెబుతారు. మరో మూడేళ్ళ శ్రమ తర్వాత 1897లో ఆ ఇంజను ఇంధన శక్తిలో 26.2 శాతాన్ని పనిగా మార్చింది.

పేరు, డబ్బు వచ్చాయి. కానీ తొలి ఇంజన్లు కొన్నవారి దగ్గర మొరాయించాయి. అంత నిక్కచ్చిగా తయారు చేసే, బాగుచేసే చేతులు అప్పటికి తక్కువ. దావాలు, స్థలాల మీద పెట్టిన పెట్టుబడులు ఆయనను ముంచాయి. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఆంట్‌వెర్ప్ నుండి ఇంగ్లండు వెళ్ళే డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కారు. తెల్లవారేసరికి గదిలో లేరు. కొన్ని రోజులకు శవం సముద్రంలో దొరికింది. అప్పటికి ఆయన వయసు 55. ఆత్మహత్య అని ఎక్కువమంది నమ్మారు కానీ నిజం ఇప్పటికీ తేలలేదు. అప్పుల సంగతి ఇంట్లోవాళ్ళకు ఆ తర్వాతే పూర్తిగా తెలిసింది. తమ్ముళ్ళూ, కష్టం వస్తే ఒక్కరికైనా చెప్పండి. గదిలో ఇంతమందిమి ఉన్నది అందుకే.

డీజిల్ లారీ రోడ్డెక్కడం ఆయన చూడలేదు. ఎం.ఎ.ఎన్., బెంజ్ కంపెనీలు డీజిల్ లారీలు తెచ్చింది 1924లో.

నేడు పదో తరగతి పాసైనవారు ఐ.టి.ఐ.లో ఒక్క ఏడాదిలో డీజిల్ మెకానిక్ కోర్సు చేయవచ్చు. తర్వాత ఆర్టీసీ డిపోలలో అప్రెంటిస్‌గా చేరే వీలుంది. నాజిల్, పంపు టైమింగ్, ట్యాపెట్ క్లియరెన్స్ నేర్చుకోవాలి. 2020లో బి.ఎస్.-6 నిబంధనలు వచ్చాక సెన్సార్లు, స్కానర్లు కూడా తెలియాలి. పానా పట్టడంతోపాటు చదవడం కూడా రావాలి.

మా గది మిత్రుల్లో ఒకరు ఇప్పుడు టిప్పర్లు, పొక్లెయిన్లు బాగుచేస్తున్నారు. మా ఇంట్లో డిగ్రీ చూసిన మొదటివాళ్ళం మేమే. పి.జి. ఫీజు కట్టలేక వెనక్కి తిరిగి వచ్చేద్దామనుకున్న రోజున డబ్బు సర్దింది ఆయనే. ఆ డబ్బు గ్రీజు అంటిన చేతులతో సంపాదించినదే. ఆ బాకీ ఇంకా తీరలేదు. తీర్చినా, ఒకప్పుడు చిన్నచూపు చూసిన బాకీ మిగిలే ఉంటుంది. అందుకే ఈ వ్యాసం.