భూమి కాగితం విలువ తెలిసిన వకీలు: బూర్గుల రామకృష్ణారావు



వార్షికోత్సవ సంచికలో ఒక పెద్దమనిషి జీవితం గురించి రాయడం మన హాస్టల్ ఆనవాయితీ. ఈసారి ఆ పని పూర్వ విద్యార్థులమైన మాకు అప్పగించారు. మేము కొందరం సుబేదారి లా కాలేజీలో చదివి, ఇప్పుడు హనుమకొండ అదాలత్‌లో సీనియర్ వకీళ్ల దగ్గర జూనియర్లుగా పని నేర్చుకుంటున్నాం. మా చేతికి వచ్చేవి ఎక్కువగా భూమి తగాదాలే. పొద్దున లేస్తే పహాణీలు, పట్టాలు, సర్వే నంబర్లు. ఆ ఫైళ్లలో తరచుగా కనిపించే మాట ఒకటుంది, 38-ఇ సర్టిఫికెట్. ఆ మాట వెనుక ఉన్న మనిషి కూడా ఒకప్పుడు నల్లకోటు వేసుకున్న వకీలే. ఆయనే బూర్గుల రామకృష్ణారావు గారు.

బూర్గుల వారు 1899 మార్చి 13న పాలమూరు ప్రాంతంలోని పడకల్లు గ్రామంలో జన్మించారు. బూర్గుల అనేది షాద్‌నగర్ దగ్గరి ఊరు. ఆ ఊరి పేరే వారి ఇంటిపేరుగా స్థిరపడింది. హైదరాబాదులో చదువుకుని, పుణెలోని ఫెర్గూసన్ కాలేజీలో డిగ్రీ, బొంబాయి విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్ర పట్టా పొంది, తిరిగి వచ్చి హైదరాబాదులో వకాలత్ మొదలుపెట్టారు. అప్పటి నిజాం రాజ్యంలో కోర్టు భాష ఉర్దూ. రెవెన్యూ కాగితాల నిండా ఫారసీ మాటలే. తెలుగు తప్ప మరొకటి తెలియని రైతుకు తన భూమి కాగితంలో ఏమి రాసి ఉందో తెలియదు. బూర్గుల వారికి తెలుగు, సంస్కృతంతో పాటు ఉర్దూ, ఫారసీ కూడా బాగా వచ్చు. వృత్తిలో పేరు సంపాదిస్తూనే తెలుగు వారి చదువు కోసం, హక్కుల కోసం ఆంధ్రోద్యమంలో పనిచేశారు. 1931లో దేవరకొండలో జరిగిన రెండవ నిజాం ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. తరువాత స్టేట్ కాంగ్రెస్ నాయకులలో ఒకరయ్యారు.

1940లలో ఆయన దగ్గరికి జూనియర్‌గా మన వరంగల్ ప్రాంతపు యువకుడొకరు చేరారు. నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టి, హనుమకొండలో చదివి, 1938లో వందేమాతరం ఉద్యమం వల్ల ఇక్కడ చదువు ఆగిపోగా నాగపూర్ వెళ్లి లా పూర్తిచేసి వచ్చిన ఆ యువకుడు పి.వి. నరసింహారావు గారు. జూనియర్ పని అంటే ఏమిటో మాకు ఇప్పుడు తెలుసు. సీనియర్ కన్నా ముందు ఆఫీసుకు చేరాలి. వాయిదాల డైరీ రాయాలి. పాత కాగితాలు ఒక్కొక్కటే చదివి, ఎవరి పేరు ఏ సంవత్సరంలో ఎక్కింది, ఏ సంవత్సరంలో పోయింది అని వరుస తీయాలి. కోర్టులో నోరు విప్పే అవకాశం ఎప్పుడో గానీ రాదు. చేతికి వచ్చే డబ్బు బస్సు చార్జీలకు కూడా చాలదు. అయినా భూమి చట్టం వంటబట్టేది ఆ కాగితాల దగ్గరే.

1950 జూన్‌లో బూర్గుల వారు హైదరాబాద్ రాష్ట్ర రెవెన్యూ మంత్రి అయ్యారు. హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం అమలులోకి వచ్చింది ఆ నెలలోనే. నిర్ణీత కాలంలో వరుసగా ఆరేళ్లకు తక్కువ కాకుండా సాగు చేసిన కౌలుదారును ఆ చట్టం రక్షిత కౌలుదారుగా గుర్తించింది. అలాంటి వారి పేర్లతో ఊరూరా రిజిస్టర్లు తయారయ్యాయి. అంతవరకు దొర దయ మీద సాగు చేసుకున్న మనిషి పేరు మొదటిసారి సర్కారు పుస్తకంలోకి ఎక్కింది. 1952 మార్చిలో ఆయన ఎన్నికైన ప్రభుత్వానికి ముఖ్యమంత్రి అయ్యారు. 1954లో చట్టాన్ని సవరించి 38-ఇ సెక్షన్ చేర్చారు. యజమానికి చట్టం అనుమతించిన భూమి వదిలి, మిగిలిన దానిలో రక్షిత కౌలుదారునే యజమానిగా చేయడం దాని ఉద్దేశం.

గొప్పవారి గురించి రాసేటప్పుడు మంచి మాత్రమే రాస్తే అది సగం చరిత్రే అవుతుంది. 1952లో ముల్కీ ఉద్యమం మన వరంగల్‌లోనే విద్యార్థులతో మొదలైంది. స్థానికేతరులు దొంగ సర్టిఫికెట్లతో ఉద్యోగాలు పొందుతున్నారన్నది వారి ఫిర్యాదు. సెప్టెంబరులో హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అప్పుడు ముఖ్యమంత్రి బూర్గుల వారే. కౌలు చట్టం కూడా కాగితం మీద ఉన్నంత బలంగా పొలంలో నిలబడలేదు. ఎందరో కౌలుదార్లను వెళ్లగొట్టారు. ఎందరి చేతనో భూమి మేమే వదులుకున్నామని వేలిముద్రలు వేయించుకున్నారు. 1958లో ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో వెలువరించిన అధ్యయనం ఈ సంగతి బయటపెట్టింది. 38-ఇ తెలంగాణ అంతటికీ వర్తించడానికి 1973 జనవరి 1 దాకా ఆగవలసి వచ్చింది.

ఆ రోజున ముఖ్యమంత్రి ఎవరో తెలుసా? బూర్గుల వారి పాత జూనియర్ పి.వి. గారే. తాను భూస్వామి కుటుంబంలో పెరిగినా భూపరిమితి చట్టానికి పూనుకున్నారు. సొంత పార్టీలోనే భూస్వాముల వ్యతిరేకత, దానికి తోడు జై ఆంధ్ర ఉద్యమం కలిసి అదే నెలలో ఆయన పదవి పోయింది. గురువు గారు అది చూడలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే ముఖ్యమంత్రి పదవి వదిలి, కేరళకు, తరువాత ఉత్తరప్రదేశ్‌కు గవర్నర్‌గా వెళ్లారు. ఆపైన రాజ్యసభ సభ్యులుగా ఉండి 1967లో కన్నుమూశారు. హైదరాబాదు సచివాలయం దగ్గరి బి.ఆర్.కె.ఆర్. భవన్ ఆయన పేరు మీద ఉన్నదే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ జీవితం మాకెందుకు దగ్గరయిందో చెప్పి ముగిస్తాం. ఒకసారి ఒక కేసు కోసం పాత రక్షిత కౌలుదార్ల రిజిస్టరు నకలు తిరగేస్తుంటే, మాలో ఒకరికి తన సొంత తాత పేరు కనిపించింది. సర్వే నంబరు ఉంది, ఎకరాలు, గుంటలు ఉన్నాయి. భూమి మాత్రం ఎప్పుడో చేజారింది. తన పేరు సర్కారు పుస్తకంలో ఉందని ఆ తాతకు చివరి దాకా తెలియదు. చట్టం ఆయన కోసమే వచ్చింది గానీ, ఆ సంగతి చదివి చెప్పే మనిషి ఆ వాడలో ఒక్కరూ లేరు. ఆ సాయంత్రం మేమెవరమూ టీ కూడా తాగలేదు.

అందుకే మీలో కొందరైనా లా చదవాలని మా కోరిక. మొదటి సంవత్సరాలు కష్టంగానే గడుస్తాయి. ఎస్సీ లా పట్టభద్రులకు స్టైఫండుతో న్యాయపాలనలో శిక్షణ ఇచ్చే పథకం సాంఘిక సంక్షేమ శాఖలో ఉంది. వివరాలు ఆఫీసులో అడిగి తెలుసుకోండి. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున ఉన్న కాగితాలు బయటకు తీసి చదవండి. అర్థం కాకపోతే మూటగట్టి మా దగ్గరికి తీసుకురండి. అదాలత్‌లో చెట్టు కింద మేముంటాం.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థులు