కైఫీయతుల సంగ్రాహకుడు కాలిన్ మెకంజీ

రాజవంశముల చరిత్రకు శాసనములు, కావ్యములు ముఖ్యాధారములు. గ్రామముల చరిత్రకో, కరణముల దండకవిలెలు, దేవాలయ స్థానికుల వ్రాతలు, వృద్ధుల జ్ఞాపకములు ఆధారములు. ఈ రెండవ విధమైన సామగ్రిని దక్షిణదేశమున ఒక పద్ధతి ననుసరించి కూర్పించినవారిలో కర్నల్ కాలిన్ మెకంజీ అగ్రగణ్యుడు. ఆయన వృత్తిచేత ఇంజనీరు, సర్వేయరు. దేశభాషలలో పాండిత్యము లేనివాడు. అట్టివాడు ఇంతటి భాండారమును ఎట్లు సమకూర్పగలిగెను? ఆయన అనంతరము అది ఏ గతి పొందెను? ఈ రెండును పరిశోధకులు ఎరుగదగిన విషయములు.

మెకంజీ 1754లో స్కాట్లండు పశ్చిమతీరమునకు ఆవల నున్న లూయిస్ ద్వీపమున, స్టోర్నోవే పట్టణములో జన్మించెను. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి చెన్నపట్టణమునకు వచ్చెను. లాగరిథములను కనుగొన్న జాన్ నేపియరు జీవితచరిత్రకై హిందువుల గణితమును గూర్చి విచారించు పని ఆయనను తొలుత మన విద్యలవైపు త్రిప్పినది. మధురలో పండితులతో కొంత పరిచయము కలిగెను. కాని తరువాతి 13 సంవత్సరములు యుద్ధములతోను, సర్వేలతోను గడచిపోయెను. ఆ మధ్యనే 1794లో ఆయన శ్రీశైలమును దర్శించెను. ఆ క్షేత్రవృత్తాంతము ఏషియాటిక్ రిసెర్చెస్ 5వ సంపుటమున ప్రకటింపబడినది.

ఆయన జీవితమును మార్చినది కావలి వేంకట బొర్రయ్యతోడి పరిచయము. బొర్రయ్య ఏలూరు కాపురస్థులైన నియోగి బ్రాహ్మణుల వంశమున 1776లో పుట్టినవాడు, బహుభాషావేత్త. ప్రాచీనలిపి శాసనములను చదువుటలోను, గ్రామస్థులను అనునయించి వారి వ్రాతలను పొందుటలోను నేర్పరి. భారతీయ విద్యలకు ద్వారము తెరచినది ఆ యువకుడే యని మెకంజీ స్వయముగా అంగీకరించెను. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిదప మైసూరు సర్వే ఆరంభమయ్యెను. ఆ సర్వేతోపాటు స్థలచరిత్రల సేకరణయు సాగినది. జైనులను గూర్చి బొర్రయ్య అనువదించిన వృత్తాంతము ఏషియాటిక్ రిసెర్చెస్ 9వ సంపుటమున కెక్కెను. అప్పటి కాయన లేడు; 1803లోనే అకాలమరణము పొందెను. ఆ పనిభారమును తమ్ముడు లక్ష్మయ్య వహించెను.

సేకరణ సులభముగా జరుగలేదు. వచ్చినవారు కంపెనీ సర్కారువారి మనుష్యులు. దండకవిలె చూపినచో మాన్యములు పోవునేమో, పన్ను పెరుగునేమో యని గ్రామస్థులు శంకించిరి. ఆ శంక నిర్మూలమని చెప్పుటకు వీలులేదు. భూమిని కొలుచు సర్కారే చరిత్రను అడుగుచుండెను. కావున స్వదేశీయులైన సహాయకులు ఊరూర తిరిగి, నమ్మకము కలిగించి, కరణములచేత కైఫీయతులు వ్రాయించిరి. గ్రామనామకారణము, ఎల్లలు, దేవతాప్రతిష్ఠలు, చెరువులు, అగ్రహారములు, పాలకుల క్రమము, వృత్తులవారి మిరాశీలు వీనియందు కానవచ్చును.

కైఫీయతులలోని ప్రతివాక్యము చరిత్ర కాదు. ముక్కంటి కాడువెట్టి అగ్రహారము లిచ్చెననియు, గోపరాజు రామన్న కరణికపు మిరాశీలు పంచెననియు పెక్కు గ్రామములవారు వ్రాయించిరి. అట్టి కథలు ఆ రాజుల కాలమును నిర్ణయించుటకు చాలవు. కాని అవి వ్రాయించినవారు తమ హక్కునకు ఏ మూలమును చూపదలచిరో స్పష్టముగా తెలుపును. దానములను శకవర్ష, సంవత్సరనామ, తిథివారములతో పేర్కొన్నచోట శాసనములతో సరిచూడవలెను. సరిపడినది ప్రమాణము, సరిపడనిది జనవిశ్వాసమునకు సాక్ష్యము. రెండును త్రోసివేయదగినవి కావు.

1810లో మెకంజీ మద్రాసు సర్వేయరు జనరలుగా నియమితుడయ్యెను. 1811 నుండి 1813 వరకు జావాలో నుండెను. పెట్రొనెల్లా బార్టెల్సును అచ్చటనే వివాహమాడెను. 1815లో భారతదేశమునకు తొలి సర్వేయరు జనరల్ అయ్యెను. అమరావతీస్తూపమును లోగడ ఒకసారి చూచియున్నవాడై, 1816లో మరల అచటికి వెళ్లి శిల్పములకు చిత్రములు వ్రాయించుట మొదలిడెను. సామగ్రినంతను క్రమపరచి పట్టిక కూర్పవలెనని ఆయన తలంపు. అది నెరవేరకమునుపే 1821 మే 8న కలకత్తా సమీపమున మరణించెను. స్వదేశమును వీడిన పిదప మరల దానిని చూడలేదు.

ఆయన భార్యనుండి కంపెనీ ప్రభుత్వము 10,000 పౌనులకు ఆ సేకరణను కొనెను. హెచ్. హెచ్. విల్సన్ 1828లో ప్రకటించిన పట్టికననుసరించి అందులో 1,568 సాహిత్యగ్రంథములు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనప్రతులు, 6,218 నాణెములు కలవు. అందు కొంత లండనునకు, కొంత మద్రాసునకు చేరినది. ఆ విధముగా ఒకే గ్రామమునకు సంబంధించిన పత్రములు రెండు ఖండములపాలయ్యెను.

అంతకంటె విచారకరమైన సంగతి వేరొకటి కలదు. విడిచిపోయిన కార్యమును కొనసాగింతునని లక్ష్మయ్య ప్రభుత్వమును అర్థించెను. 1830వ దశకమున కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీవారు స్వదేశీయునకు విమర్శనశక్తి చాలదని తలచి దానికి సమ్మతింపరైరి. ఆ పని విలియం టేలరునకు అప్పగింపబడెను. సేకరణలో దాదాపు ప్రతిపత్రము వెనుక నున్న మనుష్యులను, మార్గములను ఎరిగినవాడు బయట నిలిచిపోయెను. ఏ కరణము ఏ కవిలె చూచి వ్రాసెను, ఏది విని వ్రాసెను అను వివరములలో ఎన్నియో ఆయనతోనే గతించియుండును.

శిథిలమగుచున్న తెలుగు కైఫీయతులకు సి. పి. బ్రౌన్ మరల ప్రతులు వ్రాయించెను. లోకల్ రికార్డ్సు అను పేర ప్రసిద్ధములైన సంపుటములు అవియే. కడపలో బ్రౌన్ పేర వెలసిన భాషాపరిశోధన కేంద్రము ఆ జిల్లా కైఫీయతులను ముద్రించినది. తక్కినవి చెన్నపురి ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునను, లండనులోని బ్రిటిష్ లైబ్రరీయందును పరిశోధకులకు లభ్యములు. మెకంజీ కీర్తి ఆయన పేర నిలిచిన సేకరణయందు స్థిరముగా నున్నది. ఆ కీర్తిలో బొర్రయ్య, లక్ష్మయ్యలకును, పేరెరుగని గ్రామకరణములకును గల భాగమును గుర్తించుట ఆ సంపుటములను తెరచు ప్రతివానికి విధి.