మగపేరుతో గద్దెనెక్కిన ఆడబిడ్డ

మణుగూరు నుంచి ఏటూరునాగారం, ములుగు మీదుగా వరంగల్లు వెళ్లే మనవాళ్లకు కాకతీయుల గుళ్లూ చెరువులూ కొత్త కాదు. దారిలో రామప్ప గుడి చూస్తారు. ఓరుగల్లు కోటలో రాతి తోరణాలు చూస్తారు. ఆ కోట నుంచి తెలుగునేలను ఏలిన రుద్రమదేవి పేరు బడిపిల్లలకు సైతం తెలుసు. అయితే ఆమె గద్దెనెక్కింది రుద్రదేవ మహారాజు అనే మగపేరుతో అన్న సంగతి చాలామందికి తెలియదు.

రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1199లో రాజ్యానికి వచ్చి అరవై ఏళ్లు ఏలాడు. ఆయనకు మగసంతానం లేదు. కొడుకు లేని ఇంటి ఆస్తిపై దాయాదుల కన్ను పడటం మన పల్లెల్లో ఎరిగినదే. రాజ్యం సంగతి వేరే చెప్పాలా! గణపతిదేవుడు అల్లుడికీ దాయాదులకూ రాజ్యం అప్పగించలేదు. 1259 ప్రాంతంలో కూతురినే తనతోపాటు పాలనలో కూర్చోబెట్టాడు. 1262 నుంచి ఆమె తానుగా ఏలింది. మగదుస్తుల్లో కొలువుతీరేదని ప్రతీతి.

మగపేరు ఎందుకు? రాణి అంటే రాజుగారి భార్య అనే అర్థం నేటికీ ఉంది. భర్త వల్ల కాక, తన హక్కుతో తానే రాజ్యం చేసే స్త్రీకి ఆనాడు వేరే మాట లేదు. ఏలేవాడు అన్నారే తప్ప ఏలేది అనలేదు. అందుచేత మాటకు తగ్గట్టు మనిషే పేరు మార్చుకోవలసి వచ్చింది. ఆమె శాసనాల్లో కొన్నింట మహారాజు అనీ, కొన్నింట మహాదేవి అనీ ఉండటం గమనించదగినది.

ఆడదాని ఏలుబడిలో ఉండటం నామోషీ అనుకున్నవారు కొందరు తిరగబడ్డారని చెబుతారు. రేచర్ల ప్రసాదిత్యుడు వంటి నాయకులు ఆమెకు అండగా నిలిచారు. దండెత్తి వచ్చిన దేవగిరి యాదవరాజు మహాదేవుణ్ణి ఆమె తిప్పికొట్టింది. ఓరుగల్లులో సింహంపై కూర్చుని కత్తి, డాలు పట్టిన స్త్రీ శిల్పం ఆమెదేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

యుద్ధాలే కాదు. గుంటూరు సీమలోని మల్కాపురం శాసనం 1261 నాటిది. తండ్రి మందడం గ్రామాన్నీ, ఆమె వెలగపూడినీ శైవమఠానికి దానమిచ్చినట్లు అందులో ఉంది. ఆ రాబడిలో కొంత పురుళ్లు పోసే ప్రసూతిశాలకూ, వైద్యశాలకూ కేటాయించారు.

భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్య వంశీకుడు. అయినా అధికారం ఆమె చేతిలోనే ఉంది. ఆమెకూ కొడుకులు లేరు. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత చేసుకొని వారసుణ్ణి చేసింది. ఆ విధంగా రాజ్యం రెండు తరాలు కూతుళ్ల వైపు నుంచే నడిచింది. ఇటలీ యాత్రికుడు మార్కోపోలో ఆమె పాలనను మెచ్చుకున్నాడు గాని, ఆమెను రాజుగారి వితంతువు అని రాశాడు. కూతురు తండ్రి గద్దెనెక్కుతుందని ఆయనకు తోచలేదు కాబోలు.

1289లో ఆమె, సేనాని మల్లికార్జున నాయకుడు మరణించారు. వారి పుణ్యం కోసం భూమి దానమిచ్చినట్లు నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం చెబుతోంది. కాయస్థ అంబదేవునితో పోరులోనే ఆమె కన్నుమూసిందని చరిత్రకారులు భావిస్తున్నారు.

ఏడు వందల ఏళ్లు దాటాయి. ఇది ఆడపని, అది మగపని అనే గీత చెరిగిందా? మన ప్రాంతం బొగ్గుకు పేరుపడింది. భూగర్భ గనిలో స్త్రీ పనిచేయరాదని 1952 గనుల చట్టం అన్నది. షరతులతో ఆ తలుపు తెరిచింది 2019లోనే. పంచాయతీల్లో సగం స్థానాలు స్త్రీలకు వచ్చాయి. కానీ చాలాచోట్ల సంతకం ఆమెది, పెత్తనం భర్తది.

రుద్రమ మగపేరు పెట్టుకుని పని తానే చేసింది. నేడు కాగితం మీద ఆడపేరు రాసి పని మగవాడు చేస్తున్నాడు. ఏది ముందడుగో, ఏది వెనకడుగో ఈసారి గ్రామసభలో కూర్చున్నప్పుడు మనమే ఆలోచించుకోవాలి.