పద్నాలుగేళ్ళ తల్లి కోసం

వేలూరు ఆసుపత్రి పేరు వినని తెలుగు కుటుంబం అరుదు. 1911 దాకా చిత్తూరు కూడా ఆ ఉత్తర ఆర్కాడు జిల్లాలోనే ఉండేది. అక్కడికి వెళ్ళి స్వస్థత పొంది వచ్చినవారు మన సంఘాల్లో ఎందరో! అయితే ఆ ఆసుపత్రి వెనుక పద్నాలుగేళ్ళ గర్భవతి మరణం ఉన్నదని మనలో ఎందరికి గుర్తుంటుంది?

ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో మిషనరీ డాక్టరు ఇంట పుట్టింది. తాత, తండ్రి అందరూ మిషనరీలే. ఆమెకు మాత్రం ఆ జీవితం ఇష్టం లేదు. కరువు రోజుల్లో ఎండిన డొక్కలతో వచ్చిన పిల్లలకు చిన్ననాడు తన చేత్తో రొట్టెముక్కలు పెట్టిన జ్ఞాపకం ఆమెను వదల్లేదు. అమెరికాలో చదివి అక్కడే స్థిరపడాలనుకుంది. 1890ల తొలినాళ్ళలో తిండివనానికి వచ్చింది కూడా జబ్బుపడిన తల్లిని చూసుకోవడానికే.

ఒక రాత్రి ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చాడు. పద్నాలుగేళ్ళ భార్యకు కాన్పు కష్టమైందని, వచ్చి కాపాడమని ఐడాను వేడుకున్నాడు. తనకు వైద్యం రాదని, తండ్రిని పంపుతానని ఆమె చెప్పింది. పరాయి మగవాడు చూడటం కన్నా చావే మేలంటూ అతడు వెళ్ళిపోయాడు. అదే రాత్రి ఒక ముస్లిం, ఆ తర్వాత మరో హిందువు ఇదే కష్టంతో వచ్చి ఇలాగే వెనుదిరిగారు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు స్త్రీలూ చనిపోయారు.

ఈ సంఘటనను ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. ఐడాకు అందిన పిలుపు గురించి వింటాం గాని ఆ అమ్మాయి గురించి ఆలోచించం. భర్త ఆమెను వదిలెయ్యలేదు, రాత్రివేళ పరుగున వచ్చాడు. డాక్టరూ ఆ ఊళ్ళోనే ఉన్నాడు. లేనిదల్లా ఆమె పక్కన కూర్చోగలిగిన, పని తెలిసిన ఒక స్త్రీ! గర్భవతియైన మరియ కొండసీమకు వెళ్ళి ఎలీసబెతు ఇంట ఇంచుమించు మూడు నెలలున్నదని లూకా రాశాడు. అలాంటి పెద్దదిక్కు ఈ పిల్లకు దొరకలేదు.

ఐడా అమెరికా వెళ్ళి 1899లో డాక్టరై, 1900లో తిరిగి వచ్చింది. కొద్ది నెలలకే తండ్రి కన్నుమూశాడు. బంగళాలో ఒక చిన్న గదే దవాఖానా. తొలి ఆపరేషనులో ఆమెకు సాయం నిలిచింది వంటవాని భార్య. 1902లో నలభై పడకల ఆసుపత్రి లేచింది. అయినా ఒక్క డాక్టరమ్మ ఎన్ని కాన్పులు చూడగలదు? అందుకే 1909లో నర్సుల శిక్షణ మొదలుపెట్టింది. గుడియాత్తం దారిలో చెట్ల కింద ఎదురుచూసే పల్లెజనం దగ్గరకు తానే వెళ్ళేది. మొదట ఎద్దుబండిలో, తర్వాత మోటారు కారులో. 1918లో అమ్మాయిల కోసం వైద్య పాఠశాల తెరిస్తే వాళ్ళేం నెగ్గుతారని పెద్దలు పెదవి విరిచారు. మొదటి ఏడు పరీక్ష రాసిన 14 మందీ నెగ్గారు. ఆ ఏడు మగపిల్లల్లో ఎక్కువమంది తప్పారు మరి!

అదంతా పాతకాలపు మాట అనుకోవడానికి లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో నూటికి పన్నెండుగురికి పైగా అప్పటికే తల్లులో, గర్భవతులో. కూలికి పోయే ఇళ్ళలో అలాంటి పిల్ల ఆరాధనకు రావడం మానేస్తే మన స్త్రీల సమాజం ఆ గడప తొక్కుతుందా, లేక నెలలు లెక్కపెడుతుందా?

ఐడా పెళ్ళి చేసుకోలేదు. 1960 మే నెలలో కొడైకెనాల్‌లో ప్రభువు సన్నిధికి చేరింది. విద్యార్థినులకు ఆమె ఎప్పుడూ ఐడా ఆంటీయే.