సర్వాయి పాపన్న: దొంగా? దొరా?

బి.యస్సీ. చదివేవాడికి చరిత్రతో పనేమిటని మా లెక్చరర్లు అనుకోవచ్చు. నిజమే. పరీక్షనాళికలు కడుక్కునేవాణ్ణి నేను. కాని హైస్కూల్లో చదివిన రాణా ప్రతాప్ కథ మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు. 1576లో హల్దీఘాటీలో అక్బరు సైన్యాన్ని ఢీకొని, ఓడినా లొంగక, 1597లో చనిపోయేదాకా పోరాడిన వీరుడాయన. మరి మొగలాయిలకు ఎదురు నిలిచినవాడు మన తెలుగునాట ఒక్కడూ లేడా? ఆ ప్రశ్నకు నాకు దొరికిన జవాబు సర్వాయి పాపన్న.

ప్రతాప్ పుట్టుకతోనే రాజు. పాపన్నకు సింహాసనం లేదు, వంశం పేరు లేదు. కల్లుగీత కులంలో పుట్టినవాడు. ఊరు నేటి జనగామ జిల్లాలోని ఖిలాషాపురం. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాక తెలుగుదేశం మొగలాయి సుబా అయింది. దొరలు మారారు, రైతు మీద భారం మారలేదు. పాపన్న తాటిచెట్టు దిగి కత్తి పట్టిన కాలం అది.

మొదలు మాత్రం గొప్పగా లేదు. విధవరాలైన సొంత అక్కను దోచి, ఆ డబ్బుతో మనుషుల్ని చేర్చి, తరికొండ మీద చిన్న కోట కట్టాడు. బాటసారుల్ని కొట్టాడు. అక్కణ్ణుంచి తరిమితే కౌలాసు జమీందారు కొలువులో చేరాడు. అక్కడా దోపిడి మానక ఖైదులో పడ్డాడు. జమీందారు భార్య దయవల్ల బయటపడి షాపురం వచ్చి, సర్వన్న అనే జతగాడితో కలిసి మళ్ళీ కోట కట్టాడు.

అతని మీదికి వచ్చిన కొలనుపాక ఫౌజుదారు ఖాసింఖాన్ తుపాకిగుండుకు కూలిపోయాడు. హైదరాబాదు నాయబు సుబేదారు రుస్తుందిల్‌ఖాన్ స్వయంగా వచ్చి రెండు నెలలు ముట్టడిస్తే పాపన్న తప్పించుకున్నాడు. కోట కూల్చి ఖాన్ వెనుదిరగ్గానే వచ్చి, ఈసారి రాతితో, గచ్చుతో కట్టాడు. డచ్చి, ఇంగ్లీషు వర్తకుల దగ్గర జంటగొట్టాల తుపాకులు 700 కొన్నాడు. రెండోసారి వచ్చిన రుస్తుందిల్‌ఖాన్ డబ్బు పుచ్చుకుని వెళ్ళిపోయాడు.

రైతుబిడ్డనైన నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. బంజారాల దగ్గర చిక్కించుకున్న పది పన్నెండు వేల ఎద్దుల్ని పాపన్న తన భూముల్లో అరకలకు కట్టించాడట. వట్టి దోపిడిగాడైతే ఎద్దుల్ని అమ్ముకునేవాడు. దుక్కి దున్నించాలనుకున్నవాడు అక్కడ నిలబడి ఏలాలనుకున్నవాడే. అతని జట్టులో చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, దూదేకుల అందరూ ఉన్నారని పాటలు చెబుతాయి.

1707లో ఔరంగజేబు పోయాడు. మరుసటేడు ఏప్రిల్ 1న, మొహర్రం సందట్లో, పాపన్న ఓరుగల్లు మీద పడ్డాడు. మన నిడదవోలు కోడలు రుద్రమదేవి ఏలిన నగరాన్ని దోచి, ఆడవాళ్ళనూ పిల్లల్నీ చెరపట్టుకుపోయాడు. తర్వాత భువనగిరి వంతు. ఇక్కడ నా కలం ఆగుతుంది. ఆ చెరలోని తల్లుల కన్నీళ్ళను ఏ వీరగాథా తుడవలేదు.

1709 జనవరిలో హైదరాబాదు వచ్చిన బహదూర్‌షాకు పాపన్న 14 లక్షల రూపాయలు నజరానా పెట్టి, ఖిల్లతు పొందాడు. తాళ్ళెక్కేవాడికి పాదుషా దర్బారులో మర్యాదా అని పెద్దలు మండిపడ్డారు, మొరపెట్టుకున్నారు. పాదుషా మాట మార్చాడు. సుబేదారు యూసుఫ్‌ఖాన్ తరికొండను నెలల తరబడి ముట్టడించి, వదిలివచ్చినవాళ్ళకు రెట్టింపు జీతం ఆశ చూపాడు. పాపన్న దగ్గర మందుగుండు అయిపోయింది. సురేకారం, గంధకం, బొగ్గు. మేము లాబొరేటరీలో చిటికెల్లో తూచే ఈ మూడింటి మీద ఒక రాజ్యం ఆధారపడి ఉండేది!

కాలికి గాయంతో, మారువేషంలో పారిపోయిన పాపన్నను హసనాబాదులో గుర్తుపట్టి పట్టిచ్చింది ఒక కల్లు అమ్మేవాడే. 1710లో అతన్ని చంపి, తలను ఢిల్లీకి పంపారు, మొండేన్ని హైదరాబాదు ద్వారానికి వేలాడదీశారు. అయినా జనం పాట మానలేదు. 1874లో బాయిల్ అనే ఇంగ్లీషువాడు ఆ పాటను అచ్చు వేయించాడు.

దొంగా? దొరా? నా మటుకు నాకు రెండూ నిజమే. అయితే దోచిన రాజుల్ని మనం చక్రవర్తులంటాం. కల్లుకుండ దింపినవాణ్ణి మాత్రం దొంగ అనడానికి ఆలోచించం.

మా చేలగట్టు మీది తాళ్ళు గీసే బాబాయి కొడుకు పదో తరగతి దాకా నా బెంచీలోనే కూర్చున్నాడు. లెక్కల్లో నాకంటే గట్టివాడు. బాబాయి చెట్టు మీంచి పడ్డాక మోకు వాడు కట్టుకున్నాడు. నేను బస్సెక్కి కాలేజీకొస్తుంటే వాడు చెట్టు మీంచి చెయ్యూపుతాడు. మిత్రులారా, పాపన్న చెట్టు దిగడానికి కత్తి కావలసి వచ్చింది. నా స్నేహితుడు దిగడానికి ఓ పుస్తకం, ఓ ఫీజు రశీదు చాలు. ఈ వేసవిలో వాడిచేత ఇంటర్ పరీక్షకు ప్రైవేటుగా కట్టించాలని అనుకుంటున్నాను. పాపన్న కథ చదివాక నేను చేయగలిగిన పని ఇదొక్కటే కనిపించింది.