కిరాణా కొట్టు వెనుక బడి

ఏటా ఏప్రిల్‌లో ఫూలే, అంబేడ్కర్ జయంతి సభలకు వక్తగా వెళుతుంటాను. చదువే విముక్తి మార్గమని వేదిక మీది వాళ్లమంతా చెబుతాం. ఆ వేదిక మీద పదిమంది పురుషులుంటే ఒక్క మహిళ ఉంటుంది. వంటల దగ్గర, చాపల మీద మాత్రం మహిళలే ఎక్కువ. చాలా ఏళ్ల క్రితం మా వాడలో నేనే ఒక సాయంకాలపు తరగతి నడిపాను. కులవ్యవస్థ పుట్టుక దగ్గర మొదలుపెట్టి ఉద్యమ చరిత్ర అంతా ఉత్సాహంగా చెప్పాను. కూలి పనుల నుంచి నేరుగా వచ్చి కూర్చున్న మహిళలు నెల తిరగకుండానే రావడం మానేశారు. వారికి ఆసక్తి లేదని సరిపెట్టుకున్నాను. లోపం నా తరగతిలోనే ఉందని తర్వాతెప్పుడో సెప్టిమా పోయిన్‌సెట్ క్లార్క్ జీవితం చదివినప్పుడు తెలిసింది.

సెప్టిమా 1898 మే 3న అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రం చార్లెస్టన్‌లో పుట్టారు. తండ్రి బానిసగా పుట్టినవాడు. తల్లి ఇంటి దగ్గర బట్టలు ఉతికి కుటుంబాన్ని ఆదుకున్న మనిషి. 1916లో చదువు ముగిసేనాటికి చార్లెస్టన్ ప్రభుత్వ బడుల్లో నల్లజాతి ఉపాధ్యాయులకు చోటు లేదు. నల్లపిల్లలు చదివే బడుల్లో కూడా శ్వేతజాతి వారే పాఠాలు చెప్పేవారు. అందుకే ఆమె సమీపంలోని జాన్స్ ద్వీపానికి వెళ్లారు. అక్కడ 132 మంది పిల్లలకు ఇద్దరే టీచర్లు. బడి బాధ్యత కూడా మోసిన సెప్టిమాకు నెలకు 35 డాలర్లు. దగ్గరలోని తెల్లవారి బడిలో ముగ్గురు పిల్లలకు ఒక టీచరు, ఆమె జీతం 85 డాలర్లు. వివక్ష అంటే ఏమిటో సెప్టిమాకు ఆ జీతాల లెక్కే నేర్పింది.

1919లో చార్లెస్టన్‌కు తిరిగొచ్చి నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీలో చేరారు. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు సేకరించారు. మరుసటి ఏడే ఆ నగరపు బడుల తలుపులు నల్లజాతి ఉపాధ్యాయులకు తెరుచుకున్నాయి. పెళ్లయిన అయిదేళ్లకే, 1925లో, భర్త మరణించాడు. తొలిబిడ్డ పసికందుగానే పోగా మిగిలిన కొడుకును, చాలీచాలని జీతంతో పోషించలేక అత్తమామల దగ్గర ఉంచవలసి వచ్చింది. కొలంబియా నగరంలో పనిచేస్తున్న కాలంలో సమాన వేతనాల కోసం సాగిన న్యాయపోరాటానికి తోడ్పడ్డారు. 1945లో ఆ కేసు గెలిచింది. 1956లో రాష్ట్ర ప్రభుత్వం ఎన్‌ఏఏసీపీ సభ్యులు ప్రభుత్వోద్యోగంలో ఉండరాదని చట్టం చేసింది. సభ్యత్వాన్ని దాచిపెట్టడానికి ఆమె ఒప్పుకోలేదు. దాదాపు నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి యాభై ఎనిమిదేళ్ల వయసులో ఉద్యోగం, పింఛను రెండూ పోగొట్టుకున్నారు.

టెనెసీ కొండల్లోని హైలాండర్ ఫోక్ స్కూల్ ఆమెకు పని ఇచ్చింది. తెల్లవారు, నల్లవారు ఒకే బల్ల దగ్గర కూర్చుని చర్చించుకునే అరుదైన చోటు అది. 1955 వేసవిలో ఆమె నిర్వహించిన శిక్షణకు వచ్చినవారిలో రోజా పార్క్స్ ఒకరు. అదే ఏడాది డిసెంబరులో మాంట్‌గోమరీ బస్సులో పార్క్స్ సీటు వదలడానికి నిరాకరించారు.

అప్పట్లో దక్షిణ కరోలినాలో ఓటరుగా నమోదు కావాలంటే రాష్ట్ర రాజ్యాంగంలోని భాగాన్ని చదివి చూపాలి. జాన్స్ ద్వీపవాసులను పనులకు తీసుకెళ్లే బస్సు యజమాని ఈసా జెంకిన్స్, ప్రయాణంలోనే వాళ్లకు ఆ పాఠాలు చెప్పేవాడు. అది చాలలేదు. 1957 జనవరిలో ఆ ద్వీపంలో ఒక సహకార దుకాణం వెనుక గదిలో తొలి పౌరసత్వ పాఠశాల మొదలైంది. ముందు భాగంలో కిరాణా సరుకులు, వెనుక చదువు. తెల్లవారి కంట పడకుండా చేసిన ఏర్పాటు అది. టీచరుగా సెప్టిమా ఎంచుకున్నది జుట్టు అలంకరించే వృత్తిలో ఉన్న తన బంధువు బెర్నిస్ రాబిన్సన్‌ను. తనకు బోధన రాదని రాబిన్సన్ వెనుకాడారు. కానీ డిగ్రీ కంటే ఎదుటివారి మాట వినే గుణం ముఖ్యమని సెప్టిమా భావించారు. చిన్నపిల్లల వాచకాలు పక్కకు పోయాయి. పేరు రాయడం, మనీ ఆర్డర్ నింపడం, కూలి లెక్క చూసుకోవడం, ఆ తర్వాత రాజ్యాంగం చదవడం పాఠాలయ్యాయి. పద్నాలుగు మందితో మొదలైన ఆ బడి పొలం పనులు తగ్గే చలికాలపు రాత్రుల్లో సాగింది.

1959లో పోలీసులు హైలాండర్‌పై దాడిచేసి సెప్టిమాను అరెస్టు చేశారు. 1961లో ఆ సంస్థ మూతపడే పరిస్థితి రావడంతో పాఠశాలల కార్యక్రమం మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వంలోని ఎస్‌సీఎల్‌సీకి మారింది. జార్జియాలోని డార్చెస్టర్ కేంద్రంలో శిక్షణ పొందిన రైతులు, ఇంటిపనివారు, క్షురకులు తమ ఊళ్లకు వెళ్లి బడులు పెట్టారు. 1970 నాటికి దాదాపు 900 బడులు నడిచాయి. అక్షరాస్యత పరీక్షలను నిలిపివేసిన 1965 ఓటుహక్కు చట్టం వెనుక ఈ వెనుక గదుల శ్రమ కూడా ఉంది.

అదే సంస్థలో ఆమె మరో వివక్షను ఎదుర్కొన్నారు. కార్యవర్గంలో ఈమె ఎందుకని రాల్ఫ్ అబర్నతీ పదేపదే ప్రశ్నించేవాడని ఆమె తర్వాత చెప్పుకున్నారు. ప్రతి ఊరేగింపుకూ తానే ముందు నడవకుండా ఎక్కడికక్కడ నాయకులను తయారుచేయమని కింగ్‌కు లేఖ రాస్తే, అది చదివి వినిపించినప్పుడు కార్యకర్తలు నవ్వారు. మహిళలను లెక్కచేయకపోవడం పౌరహక్కుల ఉద్యమపు పెద్ద బలహీనతల్లో ఒకటని ఆమె చివరిదాకా అంటూనే ఉన్నారు. అలాగని ఉద్యమాన్ని విడిచిపోలేదు. ఒకనాడు తనను తొలగించిన చార్లెస్టన్‌లోనే 1975లో స్కూల్ బోర్డుకు ఎన్నికయ్యారు. 1987 డిసెంబరు 15న జాన్స్ ద్వీపంలో కన్నుమూశారు.

ఈ జీవితం మనకు పరాయిది కాదు. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతి నుంచే సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. వాచకంలోని కథలో తమ బతుకును చూసుకున్న మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. దళిత, వెనుకబడిన కులాల మహిళలు ముందు నిలిచిన ఆ పోరాటం 1993లో ప్రభుత్వం చేత సారాను నిషేధింపజేసింది. అయినా మన సంఘాల కార్యవర్గాల్లో ఆ మహిళల వారసులు ఎందరున్నారు?

మా వాడ మహిళలకు ఆనాడు కావలసినవి బ్యాంకు చీటీ, కూలి మస్తరు, రేషన్ కార్డులోని అంకెలు. నేను అడగలేదు, వారు చెప్పలేదు. వాటి దగ్గర మొదలుపెట్టి ఉంటే కులం దగ్గరికి వాళ్లే నన్ను తీసుకెళ్లేవారు. ఎందుకంటే మస్తరులో కూలి తగ్గేది, రేషన్ వరుసలో వెనక్కి నెట్టేది కులమే. రేపు వాడల్లో తరగతులు పెట్టబోయే విద్యార్థి మిత్రులను నేను కోరేది రెండే: మొదటి సాయంత్రం పాఠం చెప్పకుండా వారికేం కావాలో అడగండి. రెండో ఏడాదికల్లా ఆ తరగతిని ఆ వాడ మహిళ చేతికి అప్పగించండి.